టైటానోసీన్ల సంశ్లేషణ : స్థూల వలయాలు, సేతుబద్ధ వలయాలు

టైటానియం అనగానే విమానాల భాగాలు, విరిగిన ఎముకలకు బిగించే మరలు, గోడలకు వేసే తెల్ల రంగు జ్ఞప్తికి వస్తాయి. శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల సముద్ర తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మనైట్ అనే ఖనిజ రూపంలో ఈ లోహం ఉన్నదని కూడ మనం చదువుకున్నాం. కాని ఈ వ్యాసంలో మేము చెప్పదలచినది లోహంగా ఉన్న టైటానియం గురించి కాదు. రెండు కర్బన వలయాల నడుమ ఇమిడి ఉన్న ఒక్క టైటానియం పరమాణువు గురించి. ఇట్టి సమ్మేళనాలకు టైటానోసీన్లు అని పేరు.

వీటి చరిత్రలో ఒక విచిత్రం ఉన్నది. టైటానోసీన్ అనే పేరు 1956 నాటికే రసాయన గ్రంథాల్లోకి వచ్చింది. ఆ పేరుకు న్యాయంగా తగిన పదార్థం, అనగా రెండు వలయాలు, వాటి మధ్య ఒక టైటానియం, మరేమీ లేని అణువు, ప్రయోగశాలలో చేతికి చిక్కినది 1998లో. నడుమ గడిచిన 42 సంవత్సరాలలో రసాయన శాస్త్రజ్ఞులు రెండు ఉపాయాలు నేర్చుకున్నారు. ఒకటి, వలయాలను స్థూలంగా చేయడం. రెండవది, వలయాల మధ్య వంతెన కట్టడం. ఈ రెండు ఉపాయాలు ఏమిటి, వాటిని ఎట్లా సాధిస్తారు, ఎందుకు సాధిస్తారు అనే విషయాన్ని బి.ఎస్‌సి. విద్యార్థులకు అర్థమయ్యే రీతిలో వివరించడం మా ఉద్దేశం.

ఫెర్రోసీన్ చూపిన దారి

1951-52 సంవత్సరాలలో అమెరికాలో కీలీ, పాసన్ అనువారు, ఇంగ్లండులో మిల్లర్, టెబ్బత్, ట్రెమెయిన్ అనువారు, ఒకరి సంగతి మరొకరికి తెలియకుండానే, ఇనుము గల ఒక నారింజ రంగు కర్బన పదార్థాన్ని ప్రకటించారు. అదే ఫెర్రోసీన్. దాని నిర్మాణాన్ని 1952లో హార్వర్డులో విల్కిన్సన్, వుడ్‌వర్డ్ బృందం, మ్యూనిక్‌లో ఎర్నెస్ట్ ఓట్టో ఫిషర్ వేర్వేరుగా గ్రహించారు. అయిదేసి కర్బన పరమాణువులు గల రెండు వలయాలు సమాంతరంగా ఉంటాయి. వాటి మధ్య, రెండు రొట్టెల నడుమ కూర వలె, ఇనుము ఉంటుంది. ఈ రంగంలో చేసిన కృషికి ఫిషర్, విల్కిన్సన్లకు 1973లో నోబెల్ బహుమానం లభించింది.

ఫెర్రోసీన్ ఎందుకు అంత స్థిరమైనది? ఎలక్ట్రాన్లను లెక్కించి చూద్దాం. ఒక్కొక్క సైక్లోపెంటాడయీనైడ్ వలయం ఆరు ఎలక్ట్రాన్లను లోహానికి సమకూరుస్తుంది. రెండు వలయాలకు పన్నెండు. ద్విసంయోజక ఇనుములోని ఆరు కలిపితే పద్దెనిమిది. జడవాయువు విన్యాసానికి సరిపోయే సంఖ్య ఇది. కనుక ఫెర్రోసీన్‌ను గాలిలో ఉంచినా, వేడి చేసినా సులభంగా చెడిపోదు.

ఇనుము స్థానంలో టైటానియంను ఉంచితే లెక్క మారిపోతుంది. ద్విసంయోజక టైటానియంలో మిగిలేవి రెండే ఎలక్ట్రాన్లు. పన్నెండు, రెండు కలిసి పద్నాలుగు. పద్దెనిమిదికి నాలుగు తక్కువ. ఆకలిగొన్నవాడు చేతికందినదెల్లా నోట వేసుకొన్నట్లు ఈ టైటానియం హైడ్రోజన్‌ను, నైట్రోజన్‌ను, ఆక్సిజన్‌ను, ద్రావణిని, చివరకు తన వలయాలను సైతం పట్టుకొంటుంది. ఈ వ్యాసంలో రాబోయే కష్టాలన్నిటికి మూలం ఈ నాలుగు ఎలక్ట్రాన్ల లోటే.

మొదటి మెట్టు : టైటానోసీన్ డైక్లోరైడ్

సంశ్లేషణలన్నిటికి ప్రారంభం టైటానోసీన్ డైక్లోరైడ్. విల్కిన్సన్, బర్మింగ్‌హామ్ అనువారు దీనిని 1954లో ప్రకటించారు. తయారు చేసే పద్ధతి ఇది.

డైసైక్లోపెంటాడయీన్‌ను సుమారు 170-180 డిగ్రీల సెంటిగ్రేడుకు వేడి చేస్తే అది విడిపోయి సైక్లోపెంటాడయీన్‌గా మారి, సుమారు 41 డిగ్రీల వద్ద స్వేదనమై వస్తుంది. గది ఉష్ణోగ్రతలో నిలువ ఉంచితే ఇది మళ్ళీ జంటగా కలిసిపోతుంది గనుక వెంటనే వాడుకోవాలి. తేమ లేని టెట్రాహైడ్రోఫ్యురాన్‌లో సోడియంతో చర్య జరిపితే హైడ్రోజన్ వెలువడి సోడియం సైక్లోపెంటాడయీనైడ్ ఏర్పడుతుంది. శుద్ధమైన ఈ లవణం తెల్లనిది. లేశమాత్రం గాలి సోకినా గులాబి రంగు వస్తుంది. ద్రావణాన్ని చల్లబరచి, టైటానియం టెట్రాక్లోరైడ్‌ను నెమ్మదిగా చేరుస్తారు. సోడియం క్లోరైడ్ అవక్షేపమవుతుంది. ద్రావణిని తొలగించి, మిగిలినదానిని టోలీన్ వంటి ద్రావణిలో కరిగించి చల్లార్చితే ఎర్రని స్ఫటికాలు లభిస్తాయి.

లెక్క కోసం పదోవంతు మోల్ తీసుకొందాం. టైటానియం టెట్రాక్లోరైడ్ 19.0 గ్రాములు, అనగా ఇంచుమించు 11 మిల్లీలీటర్లు. సైక్లోపెంటాడయీన్ 13.2 గ్రాములు. సోడియం 4.6 గ్రాములు. నూటికి నూరు పాళ్ళు చర్య జరిగితే టైటానోసీన్ డైక్లోరైడ్ 24.9 గ్రాములు రావాలి. సోడియం క్లోరైడ్ 11.7 గ్రాములు మిగలాలి. పరీక్షలో ఇట్టి లెక్క అడిగితే మన విద్యార్థులు సులభంగా చేయగలరు. కాని ప్రయోగశాలలో టైటానియం టెట్రాక్లోరైడ్ సీసా మూత తీసిన క్షణంలోనే తెల్లని పొగ లేస్తుంది. గాలిలోని తేమతో అది టైటానియం డయాక్సైడ్‌గా, హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారడమే ఆ పొగకు కారణం. కనుక ఈ పనులన్నీ గాలి చొరని గాజు పరికరాలలో, శూన్యాన్ని, జడవాయువును మార్చి మార్చి ఉపయోగించే ష్లెంక్ పద్ధతిలో జరుపుతారు.

ఈ అణువు ఆకారాన్ని మనం బాగా గుర్తుంచుకోవాలి. ఫెర్రోసీన్‌లో వలె ఇందులో వలయాలు సమాంతరంగా ఉండవు. పవిత్ర గ్రంథాన్ని ఉంచి చదువుకొనే రెహల్‌ను మన విద్యార్థులందరూ చూచే ఉంటారు. దాని రెండు పలకలు ఒకవైపు దగ్గరగా, మరొకవైపు విచ్చుకొని ఉంటాయి. టైటానోసీన్ డైక్లోరైడ్‌లోని రెండు వలయాలు అట్టివే. విచ్చుకొన్న ముందు భాగంలో రెండు క్లోరిన్ పరమాణువులు ఉంటాయి. వలయ కేంద్రాలు లోహం వద్ద చేసే కోణం ఫెర్రోసీన్‌లో 180 డిగ్రీలు. ఇందులో అది సుమారు 131 డిగ్రీలు. ఈ కోణం తగ్గినకొద్దీ ముందు భాగం మరింత విచ్చుకొంటుందని గ్రహించాలి. రసాయన చర్య జరిగేది ఆ ముందు భాగంలోనే. కనుక రెహల్ ఎంత విచ్చుకొన్నది, దాని పలకలు ఎంత పెద్దవి అనే రెండు ప్రశ్నలు చాలా ముఖ్యమైనవి.

పేరు ఉన్నది, పదార్థం లేదు

డైక్లోరైడ్ నుండి రెండు క్లోరిన్లను తొలగిస్తే టైటానోసీన్ మిగలాలి గదా? కాగితం మీద ఇది ఒక్క గీతతో తీరిపోయే పని. 1956లో ముదురు ఆకుపచ్చ రంగు పదార్థం ఒకటి టైటానోసీన్ అనే పేరుతో ప్రకటింపబడినది. మూలకాల విశ్లేషణ కూడ సరిపోయినది. పది కర్బనాలు, పది హైడ్రోజన్లు, ఒక టైటానియం అనే నిష్పత్తి సరిగానే వచ్చినది.

కాని నిష్పత్తి ఒకటైనంత మాత్రాన నిర్మాణం ఒకటి కానక్కరలేదు. 1970లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో బ్రింట్‌సింగర్, బెర్కా అనువారు ఆ ఆకుపచ్చ పదార్థాన్ని శ్రద్ధగా పరిశీలించి అది టైటానోసీన్ కాదని చూపించారు. ఆకలిగొన్న రెండు టైటానోసీన్లు ఒకదాని వలయాన్ని మరొకటి కొరుకుకొన్నవి. ఒక్కొక్క అణువులో ఒక వలయం ఒక్కొక్క హైడ్రోజన్‌ను పోగొట్టుకొన్నది. ఆ రెండు వలయాలు కర్బన బంధంతో ఒకటిగా కలిసి ఫల్వలీన్ అయినవి. ఊడిన రెండు హైడ్రోజన్లు రెండు టైటానియంల మధ్య చేరినవి. ఈ జంట నిర్మాణానికి ఎక్స్-కిరణాల ద్వారా ప్రత్యక్ష నిదర్శనం ప్రాగ్‌లోని కారెల్ మాఖ్ బృందం వల్ల 1992లో లభించినది.

సీసా మీద పేరు ఒకటి, సీసా లోపల పదార్థం మరొకటి. పొరపాటు పడినవారు అసమర్థులు కారు. వారి కాలానికి ఉన్న సాధనాలు అవి. అయినను ఈ ఉదంతం నుండి ప్రతి విద్యార్థి నేర్చుకోవలసినది ఉన్నది. దానిని వ్యాసం చివర ప్రస్తావిస్తాము.

మొదటి ఉపాయం : స్థూల వలయాలు

టైటానియం తన పక్కనున్న అణువు వలయాన్ని కొరుకుతున్నదంటే, ఆ పక్క అణువును దగ్గరకు రానీయకుండా చేయాలి. అందుకు మార్గం, వలయంపై ఉన్న చిన్న హైడ్రోజన్ల స్థానంలో పెద్ద సమూహాలను ఉంచడం. వలయంలోని అయిదు హైడ్రోజన్లను అయిదు మిథైల్ సమూహాలతో మారిస్తే పెంటామిథైల్ సైక్లోపెంటాడయీన్ అవుతుంది. దీనికి రెండు లాభాలు ఉన్నవి. చోటును ఆక్రమించి అడ్డుగా నిలబడడం మొదటిది. మిథైల్ సమూహాలు ఎలక్ట్రాన్లను వలయంలోకి నెట్టి లోహపు ఆకలిని కొంత తీర్చడం రెండవది.

ఇక్కడ సంశ్లేషణలో ఒక చిక్కు వస్తుంది. మామూలు వలయానికి పనికివచ్చిన పద్ధతి స్థూల వలయానికి సరిపోదు. స్థూల వలయపు ఋణ అయాన్ ఎలక్ట్రాన్లను సులభంగా ఇచ్చివేస్తుంది. చతుస్సంయోజక టైటానియం వాటిని సులభంగా తీసుకొంటుంది. రెండింటిని కలిపినప్పుడు వలయం లోహానికి అతుక్కోవడానికి బదులు ఎలక్ట్రాన్ మార్పిడి జరిగి దిగుబడి పడిపోతుంది. పైగా మొదటి వలయం అతుక్కొన్న తరువాత రెండవ స్థూల వలయానికి చోటు చాలదు.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం టైటానియం టెట్రాక్లోరైడ్‌ను విడిచి టైటానియం ట్రైక్లోరైడ్‌తో ప్రారంభించడం. ట్రైక్లోరైడ్ మూడు టెట్రాహైడ్రోఫ్యురాన్ అణువులతో కలిసి నీలిరంగు ఘనపదార్థంగా లభిస్తుంది. దీనికి రెండు మోల్‌ల స్థూల వలయ లిథియం లవణాన్ని చేరిస్తే, రెండు వలయాలు, ఒక క్లోరిన్ గల త్రిసంయోజక టైటానియం సమ్మేళనం వస్తుంది. తరువాత దానిని అదుపుతో ఆక్సీకరించి డైక్లోరైడ్‌గా మారుస్తారు. లెడ్ క్లోరైడ్ ఇందుకు ఉపయోగపడే ఆక్సీకరణి.

మరొక పద్ధతి, వలయానికి ముందుగా ట్రైమిథైల్ సిలైల్ సమూహాన్ని తగిలించి, టైటానియం టెట్రాక్లోరైడ్‌తో చర్య జరపడం. సిలికాన్ క్లోరిన్‌ను పట్టుకొని ట్రైమిథైల్ సిలైల్ క్లోరైడ్‌గా వెళ్ళిపోతుంది. వలయం టైటానియంకు చేరుతుంది. ఋణ అయాన్ ప్రసక్తి లేదు గనుక ఎలక్ట్రాన్ మార్పిడి భయం ఉండదు. అయితే ఈ పద్ధతిలో అతుక్కొనేది ఒక్క వలయమే. రెండవ వలయానికి వేరే ప్రయత్నం కావాలి.

స్థూలత్వ ప్రభావం ఈ దశలోనే కనిపిస్తుంది. మామూలు వలయాలు గల మోనోక్లోరైడ్ క్లోరిన్ల ద్వారా జంటగా ఉంటుంది. పెంటామిథైల్ వలయాలు గల మోనోక్లోరైడ్ నీలిరంగు గల ఒంటరి అణువుగా ఉంటుంది. పెంటామిథైల్ డైక్లోరైడ్‌లో వలయ కేంద్రాల కోణం సుమారు 137 డిగ్రీలు. అనగా పెద్ద పలకలు వెనుకవైపు ఒకదానినొకటి తోసుకొని, రెహల్ ముందు భాగాన్ని కొంత మూసివేసినవి.

బెర్కా 1970 దశకంలో ఈ స్థూల వలయాలతో డెకామిథైల్ టైటానోసీన్‌ను సాధించారు. ఇది ఫల్వలీన్ జంటగా మారలేదు. అయినను ఆకలి పూర్తిగా తీరలేదు. ద్రావణంలో ఇది తన మిథైల్ సమూహాలలో ఒకదాని నుండి హైడ్రోజన్‌ను లాగుకొని మరొక రూపంలోకి మారుతుంది. ఆ రెండు రూపాల మధ్య సమతాస్థితి ఉంటుంది. నైట్రోజన్ వాయువును సైతం ఇది పట్టుకొంటుంది. రెండు టైటానోసీన్ల నడుమ ఒక నైట్రోజన్ అణువు చిక్కిన సమ్మేళనం నిర్మాణం 1976లో వెలువడినది. మనం తరగతిలో జడవాయువుగా చెప్పుకొనే నైట్రోజన్ ఇక్కడ జడం కాదు. అందుచేత ఇట్టి ప్రయోగాలలో నైట్రోజన్‌కు బదులు ఆర్గాన్‌ను లేదా శూన్యాన్ని ఉపయోగించాలి.

చివరకు 1998లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయానికి చెందిన హిచ్‌కాక్, కెర్టన్, లాలెస్ అనువారు ప్రతి వలయం మీద నాలుగు మిథైల్ సమూహాలను, అయిదవ స్థానంలో మరింత పెద్దదైన టెర్షియరీ బ్యూటైల్ డైమిథైల్ సిలైల్ సమూహాన్ని ఉంచారు. తత్ఫలితంగా ఏ ఇతర అణువుతోను కలవని ఒంటరి టైటానోసీన్ స్ఫటికంగా లభించింది. ఎక్స్-కిరణ పరీక్షలో దాని వలయాలు ఫెర్రోసీన్‌లో వలె సమాంతరంగా ఉన్నవి. మరుసటి సంవత్సరమే మాఖ్ బృందం ట్రైమిథైల్ సిలైల్ సమూహంతో అట్టిదే మరొక టైటానోసీన్‌ను ప్రకటించింది. 1956 నాటి పేరుకు పదార్థం దొరికినది.

రెండవ ఉపాయం : సేతుబద్ధ వలయాలు

స్థూల వలయాలు తలుపు మూయడానికి పనికివస్తే, వంతెన తలుపును నిర్ణీతమైన వెడల్పులో తెరిచి నిలపడానికి పనికివస్తుంది. మామూలు టైటానోసీన్‌లో వలయాలు తమ అక్షం చుట్టూ స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. రెండు వలయాలను ఒక చిన్న గొలుసుతో కలిపితే ఆ భ్రమణం ఆగిపోతుంది. రెహల్ రెండు పలకలను వెనుక కలిపే కీలు వంటిది ఈ వంతెన. ఇట్టి సమ్మేళనాలను అన్సా మెటలోసీన్లు అంటారు. అన్సా అనేది లాటిన్ పదం. తెలుగులో పిడి అని, ఉర్దూలో దస్తా అని దాని అర్థం.

వంతెన పొడవును బట్టి కోణం మారుతుంది. వంతెనలో ఒకే కర్బన పరమాణువు ఉంటే వలయ కేంద్రాల కోణం సుమారు 121 డిగ్రీలకు దిగుతుంది. రెండు కర్బనాల ఇథిలీన్ వంతెన అయితే సుమారు 128 డిగ్రీలు. సిలికాన్ పరమాణువు కర్బనం కంటె పెద్దది గనుక ఒకే సిలికాన్ గల వంతెన కూడ ఇంచుమించు 129 డిగ్రీల కోణాన్నే ఇస్తుంది. వంతెన లేని సమ్మేళనంలోని 131 డిగ్రీలతో పోల్చి చూస్తే, పొట్టి వంతెన రెహల్‌ను ఎంతగా విప్పుతున్నదో తెలుస్తుంది.

సిలికాన్ వంతెన కట్టే పద్ధతి సులభమైనది. డైమిథైల్ డైక్లోరోసిలేన్ ఒక మోల్‌కు సోడియం సైక్లోపెంటాడయీనైడ్ రెండు మోల్‌లు చేరిస్తే, సిలికాన్‌కు రెండు వైపుల రెండు వలయాలు అతుక్కొంటాయి. ఆ పదార్థం నుండి బ్యూటైల్ లిథియం రెండు మోల్‌లతో రెండు హైడ్రోజన్లను తొలగించి, టైటానియం క్లోరైడ్‌తో చర్య జరుపుతారు. ఇందులో మెలకువ ఒకటున్నది. వంతెనకు ఒక చివర ఉన్న వలయం ఒక టైటానియంను, రెండవ చివర ఉన్న వలయం మరొక టైటానియంను పట్టుకొంటే, కావలసిన చిన్న అణువుకు బదులు పొడవైన గొలుసులు తయారవుతాయి. ఒకే టైటానియంను రెండు చేతులు పట్టుకోవాలంటే ద్రావణం పలుచగా ఉండాలి, చేర్పు నెమ్మదిగా జరగాలి. ఎక్కువ ద్రావణి, ఎక్కువ ఓపిక అన్నమాట.

ఇథిలీన్ వంతెన కోసం ఇండీన్ అనే హైడ్రోకార్బన్‌ను తీసుకొంటారు. దాని అయిదు కర్బనాల వలయానికి బెంజీన్ వలయం ఒకటి కలిసి ఉంటుంది. ఇండీన్‌ను బ్యూటైల్ లిథియంతో లవణంగా మార్చి, చల్లని స్థితిలో 1,2-డైబ్రోమో ఈథేన్‌తో కలిపితే రెండు ఇండీన్లు ఒక ఇథిలీన్‌తో ముడిపడతాయి. చలువ చాలకపోతే, ఒకే ఇండీన్ ఆ గొలుసు రెండు చివరలను తనకే చుట్టుకొని స్పైరో సమ్మేళనం అనే అనవసర పదార్థంగా మారడం హెచ్చుతుంది. శుద్ధి చేసిన లైగాండును మళ్ళీ బ్యూటైల్ లిథియంతో, తరువాత టైటానియం క్లోరైడ్‌తో చర్య జరిపి, ప్లాటినం ఆక్సైడ్ సమక్షంలో హైడ్రోజనీకరిస్తే టెట్రాహైడ్రోఇండినైల్ సమ్మేళనం వస్తుంది. అప్పటికి జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయానికి చేరిన బ్రింట్‌సింగర్ తన సహచరులతో 1982లో దీనిని ప్రకటించారు. 1970లో పాత పేరులోని పొరపాటును బయటపెట్టిన వ్యక్తే ఈ కొత్త మార్గాన్ని కూడ తెరవడం గమనింపదగినది.

కుడి చేయి, ఎడమ చేయి

ఈ సమ్మేళనం ప్రత్యేకత ఏమి? వంతెన వల్ల వలయాలు తిరగలేవు గనుక, వాటి పక్కలనున్న ఆరు కర్బనాల భాగాలు రెండు విధాలుగా నిలబడవచ్చు. రెండూ ఒకేవైపు ఉంటే అణువులో దర్పణ తలం ఉంటుంది. దానిని మీసో రూపం అంటారు. ఒకటి ఒకవైపు, మరొకటి ఎదురువైపు ఉంటే అణువుకు, దాని ప్రతిబింబానికి కుడి చేతికి, ఎడమ చేతికి ఉన్నంత భేదం ఏర్పడుతుంది. అట్టి రెండు చేతుల సమాన మిశ్రమం రేసిమిక్ రూపం. సంశ్లేషణలో మీసో, రేసిమిక్ రూపాలు కలగలుపుగా వస్తాయి. స్ఫటికీకరణంతో వాటిని వేరు చేయాలి. రేసిమిక్ రూపంలోని కుడి, ఎడమలను విడదీయడానికి కైరల్ బైనాఫ్తాల్‌ను జోడిస్తారు.

ఇంత శ్రమ ఎందుకు అనే ప్రశ్నకు 1984లో ఎక్సాన్ కంపెనీలో పనిచేసిన ఈవెన్ సమాధానం చూపించారు. ఇథిలీన్ వంతెన గల ఇండినైల్ టైటానియం సమ్మేళనపు మీసో, రేసిమిక్ మిశ్రమాన్ని, మిథైల్ అల్యుమినాక్సేన్ తోడుగా, ప్రొపిలీన్‌పై ప్రయోగించగా రెండు రకాల పాలిప్రొపిలీన్ వచ్చినది. రేసిమిక్ రూపం ఇచ్చిన దానిలో మిథైల్ సమూహాలన్నీ క్రమంగా ఒకే తీరున ఉన్నవి. అది గట్టి ప్లాస్టిక్. మీసో రూపం ఇచ్చిన దానిలో ఏ క్రమమూ లేదు. అది మెత్తని జిగురు. రెండింటిలో మూలకాలు ఒకటే, నిష్పత్తి ఒకటే. ఉత్ప్రేరకం ఆకారంలోని భేదం బకెట్టుకు పనికివచ్చే పదార్థాన్ని, పనికిరాని పదార్థాన్ని వేరు చేసినది. 1985లో కామిన్‌స్కీ, బ్రింట్‌సింగర్ బృందాలు టైటానియం స్థానంలో దాని జాతి లోహమైన జిర్కోనియంను ఉంచి మరింత మంచి ఫలితాన్ని సాధించాయి. వేడిలో టైటానియం త్రిసంయోజక స్థితికి దిగజారి శక్తిని కోల్పోవడం ఈ మార్పునకు ముఖ్య కారణం.

అయితే టైటానియం పని అంతటితో ముగియలేదు. అమెరికాలో బుక్‌వాల్డ్ బృందం 1990 దశకంలో ఇదే సేతుబద్ధ టైటానోసీన్‌తో ఇమీన్లను హైడ్రోజనీకరించి, ఒకే చేతి వాటం గల అమీన్లను పొందినది. అంతకు ముందు 1988లో న్యూజెంట్, రాజన్‌బాబు అనువారు టైటానోసీన్ మోనోక్లోరైడ్ ఎపాక్సైడ్ వలయాన్ని మృదువుగా విప్పుతుందని చూపారు. ఎర్రని డైక్లోరైడ్ ద్రావణాన్ని జింకు పొడితో కలిపితే అది ఆకుపచ్చగా మారుతుంది. ఆ ఆకుపచ్చ ద్రావణమే ఈ కారకం. మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థలో యాదవ్ బృందం 1990లోనే ఈ కారకాన్ని ఎపాక్సీ ఆల్కహాల్ల నుండి అలైలిక్ ఆల్కహాల్లను తయారు చేయడానికి వినియోగించినది. జర్మనీలో గాన్‌సాయర్ దీనిని తక్కువ పరిమాణంలో చాలేటట్లు ఉత్ప్రేరకంగా మలచి, మెంథాల్ సంబంధమైన స్థూల కైరల్ సమూహాలు గల వలయాలతో ఎపాక్సైడ్‌ను కోరిన వైపుకే విప్పగలిగారు.

వైద్యరంగంలో కూడ ఒక ప్రయత్నం జరిగినది. టైటానోసీన్ డైక్లోరైడ్‌కు క్యాన్సర్ కణాలను అరికట్టే గుణం ఉన్నదని కోఫ్, కోఫ్-మైయర్ అనువారు 1979లో ప్రకటించారు. మనుష్యులపై జరిగిన పరీక్షలలో తగినంత ఫలితం కనిపించక అది ఔషధం కాలేకపోయినది. నీటిలో అది త్వరగా విచ్ఛిన్నం కావడం పెద్ద ఆటంకం. డబ్లిన్‌లో టాకే బృందం వలయాలకు పెద్ద బెంజైల్ సమూహాలను తగిలించిన టైటానోసీన్లను, సేతుబద్ధ టైటానోసీన్లను ఫల్వీన్ల నుండి తయారు చేసి ఈ దిశలో పరిశోధన సాగించినది.

మనం గ్రహించవలసినది

మొత్తం మీద రెండు ఉపాయాలను ఇట్లా సంగ్రహించవచ్చు. స్థూలత్వం కోణాన్ని పెంచి, ముందు భాగాన్ని మూసి, ఆకలిగొన్న లోహాన్ని కాపాడుతుంది. వంతెన కోణాన్ని తగ్గించి, ముందు భాగాన్ని విప్పి, వలయాలను కదలనీయక, వచ్చే అణువు ఏ వైపు నుండి రావాలో నిర్ణయిస్తుంది. లోహం మారలేదు. దాని చుట్టూ కట్టిన ఇల్లు మారినది. ఇంటిని బట్టి దాని నడవడి మారినది.

ఈ సంశ్లేషణలు మన కళాశాల ప్రయోగశాలలో జరపదగినవి కావు. బ్యూటైల్ లిథియం గాలి తగిలితే అంటుకొంటుంది. టైటానియం టెట్రాక్లోరైడ్ పొగ ఊపిరితిత్తులకు హానికరం. కాని అట్టముక్కలతో, తీగెలతో ఈ అణువుల నమూనాలను చేసి, వంతెన పొడవు మారిస్తే కోణం ఎట్లా మారుతుందో, మీసో రూపాన్ని ఎంత తిప్పినా రేసిమిక్ రూపంగా ఎందుకు మారదో చేతితో పట్టి చూడవచ్చు. ఒక మధ్యాహ్నం చాలును.

ఇక మొదట చెప్పిన మాట. 1956 నాటి ఆకుపచ్చ పదార్థానికి 14 సంవత్సరాల పాటు తప్పు పేరు నిలిచినది. విశ్లేషణ ఫలితం అనుకొన్న దానితో సరిపోవడమే ఆ పేరు నిలవడానికి కారణం. తొందరపడక, సరిపోయిన ఫలితాన్ని కూడ అనుమానించినవారి వల్లనే సత్యం బయటపడినది. మన ప్రాక్టికల్ రికార్డులలో ఏమి జరుగుతున్నదో మనకందరికీ తెలుసు. లవణ విశ్లేషణలో రంగు రాకపోయినా, వచ్చినట్లు వ్రాయడం, టైట్రేషన్‌లో బ్యూరెట్ చూపిన సంఖ్యను కాక, పై తరగతివారి రికార్డులోని సంఖ్యను దించుకోవడం అలవాటైపోయినది. అట్లా వ్రాసినప్పుడు సీసా మీద పేరు ఒకటి, లోపల పదార్థం మరొకటి అవుతుంది. పొరపాటున తప్పు పేరు పెట్టినవారిని శాస్త్రం క్షమించినది. తెలిసి తప్పు పేరు పెట్టడం వేరు.

కనుక విద్యార్థులకు మా సలహా, కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. ఆకుపచ్చ రావలసిన చోట గోధుమ రంగు వస్తే గోధుమ రంగు అనే వ్రాయండి. అట్లా నిజం వ్రాసిన విద్యార్థికి మార్కు తగ్గకుండా చూడండి. సరిగా రాని ఆ రంగును గురించి ఎవరో ఒకరు ఎందుకు అని అడిగిననాడు, ఈ కళాశాలలో రసాయన శాస్త్రం నిజంగా ప్రారంభమైనట్లే.